పెట్టె దించీండి

ఆ ఆదివారం చిన్నారావు పెట్టుకున్న పనులు రెండే. పొద్దున్న గేటు పక్కన ఎండలో కుర్చీ వేసుకుని పేపరు చదవడం, మధ్యాహ్నం కోడికూరతో అన్నం తిని పడుకోవడం. డిసెంబరు నెల. భిలాయి అయిదో సెక్టారులో ఏడున్నరైనా ఎండ గోడ దిగలేదు. రిటైరైనప్పుడు కుట్టించుకున్న ఉన్ని కోటు తొడుక్కుని, కుర్చీ చేత్తో పట్టుకుని బయల్దేరబోతుంటే కోడలు పిలిచింది.

అరుణజ్యోతి ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. సోమవారం పదకొండో క్లాసుకి తరంగాల పాఠం మొదలుపెట్టాలి. ఏ పాఠమైనా ముందు ఇంట్లో మావగారికి ఒకసారి చెప్పుకుని, తర్వాత క్లాసులో చెప్పడం ఆమె అలవాటు. భర్త రమాకాంత్ రెండో వాక్యానికే ఫోను బయటికి తీస్తాడు. మావగారు అలా కాదు. ముఖంలోకి చూస్తూ, తల ఊపుతూ చివరిదాకా కూర్చుంటారు. ఆ ఇంట్లో అంత శ్రద్ధగా వినే మనిషి ఇంకొకరు లేరని ఆమె నమ్మకం.

"మావయ్యగారూ, ఈ స్ప్రింగు కొస గట్టిగా పట్టుకోండి" అని హాలు గచ్చు మీద ఒక పొడుగాటి స్ప్రింగు పరిచింది. తన వైపు కొసని పక్కకి ఒక్క విదిలింపు విదిలించింది. స్ప్రింగులో ఒక వంపు పుట్టి, పాములా జరజరా వచ్చి ఆయన చేతిని తాకింది. "చూసారా, అల మీ దాకా వచ్చింది. స్ప్రింగు ఎక్కడిది అక్కడే ఉంది. చుట్లు పక్కకి కదిలాయి, అల ముందుకి వెళ్ళింది. ఇది తిర్యక్ తరంగం. అబ్ దేఖియే." ఈసారి స్ప్రింగుని ముందుకి తోసింది. చుట్లు ఒకచోట దగ్గరపడి, ఆ చిక్కదనమే ఆయన వైపు నడిచొచ్చింది. "ఇది అనుదైర్ఘ్యం. మనం మాట్లాడిన మాట గాలిలో ఇలాగే వెళ్తుంది. గాలి వెళ్ళదు, తోపు వెళ్తుంది. అర్థమైందా?"

"ఆఁ, బాగా" అన్నాడు చిన్నారావు.

స్ప్రింగుని ఆయన చూశాడు. చూసినంత మేరకు బాగానే అర్థమైంది. మాటల్లో మాత్రం సగమే చెవిని పడ్డాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ముప్పై ఆరేళ్ళు ఆయన ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేశాడు. ఎర్రగా కాలుతున్న పట్టాని కొలతకి కోసే రంపం ఆయన డ్యూటీ. హాట్ సా అంటారు దాన్ని. అది పట్టాని తాకినప్పుడు పుట్టే సన్నటి కూత మొదటి ఏడాది పళ్ళు జివ్వుమనిపించింది. తర్వాత అలవాటైపోయింది. అలవాటు కాలేదనీ, చెవిలో ఏదో ఒకటి అరిగిపోయిందనీ ఆయనకు ఎవరు చెబుతారు? మిల్లులో మగవాళ్ళ గొంతులు ఎప్పటిలాగే వినబడ్డాయి. బజార్లో వినబడ్డాయి. పక్క క్వార్టరు వనజాక్షి గొంతు మగగొంతులా బొంగురుగా ఉంటుంది, అది గోడ అవతలనుంచి కూడా వినబడింది. వినబడనిది ఒక్క పైడమ్మ మాటే. భార్య మాటలు నములుతుందని ఆయన తేల్చుకున్నాడు. నమిలిన మాటని పదేపదే ఏటన్నావు, ఏటన్నావు అని అడిగితే ఆవిడకి కోపం. అంచేత అడగడం మానేసి, ముఖం చూసి "ఊఁ" అనో "అలాగే" అనో "సరే" అనో అనడం నేర్చుకున్నాడు. ఆ మూడు మాటలతో పాతికేళ్ళ కాపురం నడిచిపోయింది.

పైడమ్మ అభిప్రాయం వేరు. ఆయనకి వినబడుతుంది, తన మాటంటేనే లెక్కలేదు.

ఆ ఉదయం పైడమ్మ కొడుకు బండి మీద జాముల్ వెళ్తోంది. రమాకాంత్‌కి అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో ఆదివారం డ్యూటీ, ఆవిడకి తెలిసినవాళ్ళింట్లో వ్రతం. బండి స్టార్టు చేసి ఉంది. వెనక కూర్చుని, చీర చెంగు సర్దుకుంటూ తనకున్న సన్నటి గొంతుతో చెప్పింది.

"తిరుమలరావు వస్తాడు. పొడుగు మనిషి కదా, ఇద్దరూ కలిసి అటక మీద పెట్టె దించీండి. దుప్పట్లు నేనొచ్చి తీస్తాను."

బండి చప్పుడులో చిన్నారావుకి అందింది ఇంతే: తిరుమలరావు వస్తాడు, పెట్టె ఇచ్చీండి.

"సరే" అన్నాడు.

గోడ అవతలనుంచి వనజాక్షి, "అన్నయ్యా, పేపరొచ్చిందా?" అంది.

"ఇంకా లేదమ్మా, రాగానే పంపుతాను" అన్నాడు చిన్నారావు వెంటనే. పైడమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. బండి కదిలిపోయింది.

తిరుమలరావు తెలుగు సంఘం కార్యదర్శి. చలికాలం కదా, నందిని గనుల అవతలి ఊళ్ళలో పేదవాళ్ళకి పంచడానికి ఇంటింటా పాత దుప్పట్లు అడుగుతున్నాడు. పంపకం వచ్చే ఆదివారం. వచ్చీ రాగానే చిన్నారావు అటక చూపించాడు. ఇద్దరూ కలిసి ఆకుపచ్చ రంగు ఇనప పెట్టెని కిందికి దించారు.

"పిన్ని ఎన్ని దుప్పట్లిస్తానంది బాబాయ్?"

"పెట్టె ఇచ్చీమంది."

"మొత్తం పెట్టా?"

"పెట్టె ఇచ్చీమందిరా. ఆటోలో పెట్టించు."

తిరుమలరావు ఆ ఉదయం తిరిగిన పదిహేను ఇళ్ళలో దొరికినవి ఆరు దుప్పట్లు. అందులో ఒకటి కాలింది. నిండు పెట్టె చూసేసరికి అతను చేతులు జోడించాడు. "పిన్ని మనసు పెద్దది బాబాయ్" అన్నాడు. చిన్నారావు కూడా కదిలిపోయాడు. పైడమ్మలో ఇంత దానగుణం ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

తొమ్మిదింటికి ఫోను మోగింది. పైడమ్మ.

"పెట్టె దించీసారా?"

"ఆఁ, ఇచ్చీసాను" అన్నాడు. ఆవిడకి కావలసిన మాటే ఆవిడకి వినబడింది.

"తాళం తియ్యకండి. నేనొస్తాను."

తాళం... ఇయ్యండి. నిజమే, తాళంచెవి ఇవ్వకుండా పెట్టె ఇస్తే వాళ్ళేం చేసుకుంటారు? ఎంత ముందుచూపు. "అలాగే" అన్నాడు. దేవుడి గూట్లోంచి తాళంచెవి తీసి, స్కూటరు వేసుకుని సంఘం హాలుకి వెళ్ళి తిరుమలరావు చేతిలో పెట్టొచ్చాడు. వచ్చేదార్లో కోడికూర తీసుకున్నాడు. మనసు తేలిగ్గా ఉంది.

అక్కడ హాల్లో పెట్టె తెరిచారు. నాలుగు ఉన్ని దుప్పట్లు, రెండు రగ్గులు, అడుగున పాత చీరలో చుట్టిన మూట. మూటలో ఒక బొంత. ఇన్ని చేతికొచ్చాక వచ్చే ఆదివారం దాకా ఎందుకన్నారు ఎవరో. వ్యాను కూడా ఖాళీగా దొరికింది. పదకొండు కొట్టేసరికి నందిని దాటి ఒక ఊళ్ళో పంపకం అయిపోయింది. తిరుమలరావు ఫొటోలు తీసి సంఘం వాట్సప్ గ్రూపులో పెట్టాడు. కింద, 'చిన్నారావు, పైడమ్మ దంపతుల ఉదార విరాళం' అని రాశాడు.

జాముల్లో వ్రతకథ మూడో అధ్యాయంలో ఉండగా ఆ ఫొటో ఒకావిడ ఫోనులోంచి ఇంకొకావిడ ఫోనులోకి వెళ్తూ పైడమ్మ దాకా వచ్చింది. ఎంత మంచిపని చేశారండీ అన్నారంతా. ఆవిడ ఫొటో చూసింది. ఒక ముసలావిడ గుడిసె ముందు నిలబడి నవ్వుతోంది. భుజాల మీద బొంత ఉంది. ముదురాకుపచ్చ ముక్క, పసుపు ముక్క, ఎర్రంచు ముక్క.

ఫోను తీసుకుని వీధిలోకి వచ్చింది.

కోపం వస్తే పైడమ్మ గొంతు పైకి వెళ్తుంది. పైకి వెళ్ళినకొద్దీ చిన్నారావుకి తక్కువ వినబడుతుంది. ఆ ఫోనులో ఆవిడ మూడు నిమిషాలు మాట్లాడింది. ఆయన చెవికి తగిలినవి దూరంగా ఎవరో దీర్ఘాలు తీస్తున్నట్టు కొన్ని చప్పుళ్ళు. సంతోషంలో ఉందనుకున్నాడు. ఆగినచోటల్లా "ఊఁ" అన్నాడు. చివర్లో, "మంచిపనే చేసావులే" అన్నాడు.

ఫోను కట్టయింది.

పన్నెండున్నరకి ఆటో దిగి పైడమ్మ ఇంట్లోకొచ్చింది. అటక వైపు చూసింది. మొగుడితో మాట్లాడలేదు. కోడలి దగ్గరికి వెళ్ళి, "కారు తియ్యమ్మా. నందిని వెళ్ళాలి" అంది. అరుణజ్యోతి అత్తగారి ముఖం చూసి కారణం అడగలేదు, తాళాలు తీసుకుంది. చిన్నారావు కూర గిన్నె వైపు ఒకసారి చూసి, కోటు తొడుక్కుని వెనక సీట్లో కూర్చున్నాడు. తన తప్పేమిటో ఇంకా తెలియదు. ఉందని మాత్రం తెలిసింది.

దారిలో పైడమ్మ ముందు సీట్లోంచి కోడలితోనే మాట్లాడింది. "అది మా అమ్మ బొంత. అమ్మ చీరలన్నీ చింపి, కళ్ళు కనబడకపోయినా కుట్టింది. నాకోసమని చెప్పి పోయింది. పాతికేళ్ళనుంచి దాచుకున్నాను. తాళం తియ్యొద్దని ఫోను చేసి మరీ చెప్పాను. వనజాక్షి పేపరడిగితే మాత్రం గోడ అవతలున్నా వినబడతాది."

వెనక సీట్లో చిన్నారావుకి 'వనజాక్షి' అన్న ముక్క పట్టుబడింది. "ఆవిడకి పేపరు పంపించాను" అన్నాడు.

అరుణజ్యోతి అద్దంలోంచి ఆయన్ని చూసింది. కారు పక్కన ఆపి, ఫొటోలో బొంత ఆయనకి చూపించి, "ఇది వెనక్కి తేవాలి మావయ్యగారూ" అంది.

ఊరు కనుక్కోవడం కష్టం కాలేదు. ఫొటోలో ఉన్న గుడిసె రోడ్డు పక్కనే ఉంది. కోడలు కారు వెనక్కి తిప్పి పెడుతుంటే ముందు చిన్నారావు దిగాడు. ఎలాగైనా తన చేత్తోనే బొంత తెచ్చి భార్య చేతిలో పెట్టాలని ఆయన పట్టుదల. ముసలావిడ ముంగిట్లో ఎండలో కూర్చుని ఉంది, బొంత కప్పుకునే ఉంది. ఆయన హిందీలో, పొరపాటు జరిగిందనీ, ఇది తమ ఇంట్లోదనీ చెప్పాడు. ముసలావిడ పళ్ళు లేని నోటితో, గాలిలాంటి గొంతుతో ఛత్తీస్‌గఢీలో ఏదో అడిగింది. ఆయన వంగి ఆవిడ ముఖంలోకి చూశాడు. ముఖం నవ్వుతోంది.

"హవ్, హవ్" అని తల ఊపాడు.

ముసలావిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. బొంత ఇంకా దగ్గరికి లాక్కుంది.

నాలుగడుగుల వెనక పైడమ్మ నిలబడి ఉంది. నలభై ఏళ్ళు కూరగాయలవాళ్ళతో బేరాలాడిన ఆవిడకి ఛత్తీస్‌గఢీ బాగా తెలుసు. ముసలావిడ అడిగిందేమిటంటే, బాబూ, ఇది వెచ్చగా ఉంది, నన్నే ఉంచుకోమంటావా అని. ఆయన ఔనన్నాడు. పోగొట్టినదాన్ని వెనక్కి తేవడానికి పదిహేను మైళ్ళు వచ్చి, రెండోసారి ఇచ్చేశాడు.

పైడమ్మ అరవడానికే నోరు తెరిచింది. కాని అరవలేదు. ఆయన ముఖం పక్కనుంచి కనబడుతోంది. కళ్ళు చిట్లించి, అవతలి మనిషి పెదవులు చూస్తూ, భయంభయంగా నవ్వుతూ ఊపుతున్న ఆ తల ఆవిడకి బాగా తెలుసు. పాతికేళ్ళనుంచి తన ముందు ఊపుతున్న తలే. అది లెక్కలేనితనం అనుకుంది ఇన్నాళ్ళూ. ఈ ముసలావిడ ఆయనకి ఏమవుతుందని? ఈవిడంటే ఆయనకి లెక్కలేకపోవడానికి కారణమేముంది?

"ఏవండీ" అంది పైడమ్మ, వెనకనుంచి. ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచింది. తిరగలేదు.

"అరుణా" అంది ఆవిడ, కోడలు దగ్గరికొచ్చాక. "మీ మావయ్యకి వినబడదే."

అరుణజ్యోతి ఫోను తీసింది. మోత పుట్టించే యాప్ ఒకటి ఉంది అందులో, పిల్లలకి చూపించడానికి వేసుకున్నది. మావగారిని ముంగిట్లో ఉన్న మంచం మీద కూర్చోబెట్టి, "వినబడితే చెయ్యెత్తండి" అని గట్టిగా, తాపీగా చెప్పింది. సెకనుకి అయిదువందల కంపనాల దగ్గర ఫోను బొంయ్యిమంది. చెయ్యెత్తాడు. వెయ్యి. ఎత్తాడు. రెండువేలు. కాసేపు ఆలోచించి సగం ఎత్తాడు. మూడువేలు. చెయ్యి మోకాలి మీదే ఉంది. నాలుగువేలు. పైడమ్మ చెవులు మూసుకుంది, ముసలావిడ మూసుకుంది, గుడిసె వెనకనుంచి కుక్క లేచి వెళ్ళిపోయింది. చిన్నారావు కోడలి ముఖంలోకి శ్రద్ధగా చూస్తున్నాడు.

"పెట్టమ్మా, నేను రెడీ" అన్నాడు.

అరుణజ్యోతి ఫోను ఆపేసింది. ఆమె కళ్ళు తడిశాయి.

"మోగిందా?" అన్నాడు ఆయన, ముగ్గురినీ చూసి.

"మోగింది మావయ్యగారూ." ఆయన ఎదురుగా, ముఖం కనబడేలా కూర్చుంది. "శబ్దం పెద్దదవడం వేరు, సన్నగా ఉండటం వేరు. అల ఎంత ఎత్తు లేస్తుందో అది పెద్దతనం. సెకనుకి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది సన్నతనం. మీ రంపం ఏ సన్నటి కూత కూసిందో ఆ సన్నటివే మీ చెవిలోంచి పోయాయి. లావు గొంతులు మిగిలాయి. మాటలో స, చ, త, క లాంటివి ఆ సన్నటి వైపే ఉంటాయి. అవి రాలిపోయి మీకు అచ్చులు వినబడుతున్నాయి. మిగతాది మీరు అతికించుకుంటున్నారు. అత్తయ్య గొంతు మరీ సన్నం. అందుకే..." ఆగి, నేల వైపు చూసింది. "ఎనిమిదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. మీకే ఎనిమిదిసార్లు చెప్పాను. మీరు తలూపుతుంటే నేను బాగా చెబుతున్నాననుకున్నాను."

"బాగానే చెబుతావమ్మా" అన్నాడు చిన్నారావు.

బొంత సంగతి పైడమ్మే తేల్చింది. ముసలావిడ పక్కన కూర్చుని, అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పింది. ముసలావిడ మారు మాట్లాడకుండా బొంత మడిచి చేతికిచ్చింది. అయినా బాబు ఔనన్నాడు కదా అని మాత్రం నవ్వింది. పైడమ్మ లేచి, మొగుడి ఉన్ని కోటు గుండీలు తానే విప్పి, తీసి ముసలావిడ భుజాల మీద వేసింది. చిన్నారావు అడ్డం చెప్పలేదు. ఏం జరుగుతోందో అడగలేదు కూడా.

తిరుగు ప్రయాణంలో పైడమ్మ వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుంది. బొంత ఇద్దరి మోకాళ్ళ మీదా ఉంది. కారు నందిని దాటింది. తర్వాత ఆవిడ ఆయన వైపు పూర్తిగా తిరిగి, గొంతు దించి, ఒక్కొక్క మాటా విడివిడిగా అడిగింది.

"అమ్మకి బాగోలేదని వనజాక్షి ఇంటికి ఫోనొచ్చిన రోజు గుర్తుందా? రెండువేల ఒకటిలో."

"లేదు."

"మీరు డ్యూటీకి వెళ్తన్నారు. బొబ్బిలి వెళ్దారి, టికెట్లు తీయండి అన్నాను. సరే అన్నారు. మూడు రోజులు బట్టలు సర్దుకుని కూచున్నాను. మీరు రోజూ డ్యూటీకి వెళ్ళి వస్తన్నారు. రెండోసారి అడగడానికి నాకు మనసు రాలేదు. నాలుగో రోజు పోయిందని ఫోనొచ్చింది."

చిన్నారావుకి సర్దిన బట్టలు గుర్తొచ్చాయి. మంచం పక్కన సంచి. బీరువా దులుపుతోందనుకుని, ఆ మూడు రోజులూ సంచిని దాటుకుంటూ తిరిగాడు.

"నాకు వినబడలేదే" అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది."

"ఇంకొక్కసారి అడగవలసింది."

"అవును" అంది పైడమ్మ. "అడగవలసింది." బొంత అంచు సర్దుతూ, "ఏటన్నావు అని మీరూ నన్ను అడగవలసింది" అంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. కోటు లేక చలి వేస్తోంది. ఆవిడ బొంత పైకి లాగి ఆయన భుజం దాకా కప్పింది.

పది రోజుల తర్వాత డాక్టరు చెవి మిషను పెట్టాడు. చెవి ఎన్నాళ్ళ కిందట పోయిందని అడిగితే చెప్పడానికి డాక్టరుకీ తెలియలేదు, ఇరవై ఏళ్ళూ కావచ్చు, ముప్పై ఏళ్ళూ కావచ్చన్నాడు. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మూలుగుతుందనీ, గోడగడియారం చప్పుడు చేస్తుందనీ చిన్నారావుకి కొత్తగా తెలిసింది. వంటింట్లోంచి పైడమ్మ ఏదో అంటే గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు నమలవు" అన్నాడు.

"ఏటి?"

"మాటలు. నములుతావనుకున్నాను ఇన్నాళ్ళూ." ఒకడుగు లోపలికి వేసి, "నువ్వు చెప్పినవి, నేను సరే అన్నవి, అన్నీ మళ్ళీ ఒకసారి చెప్పు" అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ."

పైడమ్మ పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, గేటు పక్కన ఎండలో రెండో కుర్చీ వేయించింది. ఏ ఏడు నుంచి వినబడలేదో ఎవరికీ తెలియదు కనక పెళ్ళైన దగ్గర్నుంచీ చెప్పడమే మంచిదని ఆవిడ నిర్ణయించింది. మొదటి ఏడాది జ్వరం, ఎనభై ఆరులో కొనిపెడతానని కొనని కుట్టుమిషను, రమాకాంత్‌కి పెట్టాలనుకున్న వేరే పేరు. చిన్నారావు చెవి మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఒక్కచోట కూడా సరే అనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

సాయంత్రం మిషనులో బ్యాటరీ అయిపోయేసరికి వాళ్ళింకా తొంభై ఒకటిలోనే ఉన్నారు.